దుర్బిన్ పెద్దదైతే పులి కనపడదు

ఆదివారం వచ్చిందంటే కరీంనగర్ కార్లూ హైదరాబాద్ కార్లూ జన్నారం అడవి దారి పడుతున్నాయి. దిగిన ప్రతి పోరడి మెడలో ఓ దుర్బిన్. మా రోజుల్లో ఫారెస్టు రేంజి మొత్తానికి ఒక్కటుండేది, అదీ రేంజర్ సారు బీరువాలో తాళం కింద. కొనుక్కోనీండి, నాకేం కడుపుమంట లేదు. కానీ "తాతా, నాది ఇరవై రెట్లు చూపిస్తది" అని గొప్పలు పోతే మాత్రం ఒళ్లు మండుతుంది.

ఇరవై రెట్లు చూపించే అద్దం చేతి వణుకునూ ఇరవై రెట్లు చూపిస్తుంది. కొమ్మ మీద కదలకుండా కూచున్న పిట్ట కూడా ఊయలూగుతుంటుంది. ఇంకో లెక్క ఉంది, అది ఎవరూ వేయరు. ముందరి అద్దం వెడల్పును రెట్లతో భాగించాలి. 20×50 అయితే, అంటే ఇరవై రెట్లు, యాభై మిల్లీమీటర్ల అద్దం, కంటికి చేరే వెలుగు గుండ్రం రెండున్నర మిల్లీమీటర్లే. 8×42 అయితే ఐదు దాటుతుంది. మసకచీకట్లో కంటిపాప ఐదారు మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. పడుచువాళ్లకి ఇంకా ఎక్కువే. కణుజూ మనుబోతూ బయటికొచ్చేది సరిగ్గా ఆ వేళకే. అప్పుడు ఇరవై రెట్ల వీరుడికి కనపడేది చీకటి. పైగా రెట్లు పెరిగేకొద్దీ చూపు వెడల్పు తగ్గుతుంది, కదిలే జంతువును పట్టుకునేలోపు అది వాగు దాటిపోతుంది.

డబ్బా మీద 'హంటింగ్' అని రాసి మరీ అమ్ముతున్నారు. ఎవర్ని వేటాడతావురా నాయనా? 1972 చట్టం కింద వేట నేరం. పులి జోలికి పోతే మూడు నుంచి ఏడేళ్లు లోపల. దొంగచాటుగా చంపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు గానీ వాళ్లకి దుర్బిన్ అక్కర్లేదు. ఉచ్చు పెడతారు, లేకపోతే కరెంటు తీగ పరిచి ఇంటికి పోయి పడుకుంటారు.

వేట సాగిన రోజుల్లో మాత్రం ఈ సరంజామా ఎక్కడిది? ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి పులివేటంటే ప్రాణం. దొరల షికారంటే హాకా. ఊళ్లవాళ్లు వెట్టికి పోయి, డప్పులు కొట్టి, కేకలు పెట్టి పులిని మంచె కిందికి తోలాలి. కొట్టేది కూతవేటు దూరంలో కూడా కాదు, కళ్ల ముందే. మన టేకు, వెదురు అడవిలో యాభై గజాలు చూపు ఆనితే గొప్ప. ఇక దూరం కొలిచే యంత్రం, రేంజ్‌ఫైండర్, బోడికొండల మీదా బయళ్లలోనూ వేటాడేవాళ్లకి కావాలి. ఆ కాలంలో గ్లాస్గోలోని బార్ అండ్ స్ట్రౌడ్ లాంటి కంపెనీలు అవి చేసింది యుద్ధనౌకలకీ ఫిరంగులకీ.

విచిత్రమేమంటే, ఆ రేంజ్‌ఫైండరే ఇప్పుడు మా బీటు ఆఫీసర్ల జేబులోకొచ్చింది. జన్నారం ఉన్న మా కవ్వాల్ అడవి 2012లో టైగర్ రిజర్వు అయింది. నాలుగేళ్లకోసారి పులుల లెక్కింపు జరిగినప్పుడు, పులి తినే జంతువుల లెక్క కూడా తీస్తారు. పొద్దున్నే గీత గీసినట్టు నడుస్తూ, దుప్పుల మంద కనపడితే ఎన్నున్నాయి, ఎంత దూరం, ఏ దిక్కు అని రాయాలి. మా రోజుల్లో దూరం కంటి అంచనాయే. అందరి అంచనాలూ పదిమీదో యాభైమీదో వచ్చి ఆగేవి, దుప్పులు కొలత చూసుకుని నిలబడ్డట్టు! ఈ ఒక్క విషయంలో కొత్త యంత్రమే నయం, ఒప్పుకుంటాను. కానీ అదీ తెలిసి కొనాలి. గోల్ఫ్ ఆడేవాళ్ల రకం ముందు తగిలిన దాని దూరమే చెబుతుంది. దుప్పి మీద గురిపెడితే మధ్యలో ఉన్న వెదురాకు దూరం చూపిస్తుంది. వేటగాళ్ల రకంలో దూరంగా ఉన్నదాన్ని పట్టే మీట ఉంటుంది, మన అడవికి అదే కావాలి. మంచులో, వానలో రెండూ తడబడతాయి.

దుర్బిన్ అసలు విలువ తెలియాలంటే బెజ్జూరు వైపు పాలరాపు గుట్ట దగ్గర రాబందులు కనపడితే వాటిని చూడాలి. లేదా మంథని వైపు శివ్వారంలో గోదావరి బండల మీద ఎండ కాగే మొసళ్లని. రెండుచోట్లా దగ్గరికి పోకూడదు, పోనవసరం లేదు.

కొనేవాళ్లు 8×42 కొనండి, లోపల నైట్రోజన్ నింపి మూసినది చూసుకోండి. లేకపోతే ఆదిలాబాద్ ముసురుకి అద్దాల్లో బూజు పడుతుంది. కుడికన్ను దగ్గరి చక్రం మీ చూపుకి తగ్గట్టు తిప్పుకోండి, అది అలంకారానికి పెట్టింది కాదు. రేంజ్‌ఫైండర్ తీసుకుంటే ముందు గజాల నుంచి మీటర్లకి మార్చండి. వంద గజాలంటే తొంభైఒక్క మీటర్లే.