కొంచెం సహజంగా నవ్వవమ్మా!

హైదరాబాద్‌లో ఇప్పుడు ఆత్మావిష్కరణ ఈఎంఐ మీద దొరుకుతోంది. బాడీ వేరు, లెన్సు వేరు, వాటిని మోసే సంచి వేరు. మూడూ సమకూరాయంటే చాలు, సోమవారం నుంచి శుక్రవారం దాకా గచ్చిబౌలిలో ఇంకొకడి కోడులో తప్పులు వెతికే మన కుర్రాడిలో ఏళ్లుగా నిద్రపోతున్న కళాకారుడు శనివారం తెల్లవారుజామున అలారం పెట్టుకుని మరీ లేస్తాడు.

లేచి చార్మినార్ వెళతాడు. అప్పటికే అక్కడ ఇంకో పాతికమంది కళాకారులు లేచి ఉంటారు. అందరూ కలిసి మొజంజాహీ మార్కెట్ పావురాల మీద పడతారు. గింజలు చల్లేవాడొకడు, చప్పట్లు కొట్టి లేపేవాడొకడు, మిగతావాళ్లంతా తీసేవాళ్లు. తర్వాత ఇరానీ చాయ్ పొగ, పొగ వెనక గడ్డం ఉన్న పెద్దాయన. ఆయన్ని నలుపు తెలుపుల్లోకి మార్చి కింద 'కాలం' అని రాస్తారు. ఆ పెద్దాయన చాయ్ డబ్బులిచ్చి ఇంటికెళ్లిపోతాడు. తాను కాలమైనట్టు ఆయనకు ఎవరూ చెప్పరు.

ఇలా కొన్ని శనివారాలు గడిచేసరికి నగరం అయిపోతుంది. పావురాలు పాతబడతాయి. నగరంలో ఆత్మ లేదని మనవాడు ఒక నిర్ధారణకు వస్తాడు. ఆత్మ ఎక్కడుంది? ఊళ్లో ఉంది. ఊరెక్కడుంది? ఖమ్మం, వైరా, తల్లాడ దాటాక ఉంది. పేరు కల్లూరు. సంక్రాంతికి టికెట్టు దొరికితే ఆత్మతో ములాఖత్.

కల్లూరు 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టినప్పుడు రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. సాగర్ ఎడమ కాలువ నీళ్లకు ఎదురుచూసే ఆయకట్టు ఇది. ఇంకాస్త ముందుకెళితే సత్తుపల్లి బొగ్గు గనులు, అశ్వారావుపేట పామాయిలు ఫ్యాక్టరీ, ఆ పైన అడవి, గోదావరి, భద్రాద్రి రాముడు. మన కళాకారుడికి వీటితో పనిలేదు. అతని తలలో ఊరంటే పెంకుటిల్లు, ఎడ్లబండి, పిడకల దాలి. తీరా వచ్చి చూస్తే పెంకుటిళ్లు స్లాబులయ్యాయి, ఎడ్లు ట్రాక్టర్లయ్యాయి, పిడకలు గ్యాసు బండలయ్యాయి. ఊరు తనకు చెప్పకుండా మారిపోయిందని అలుగుతాడు. అలిగి, ఒక పాతగోడ వెతుక్కుంటాడు. పక్కనున్న డిష్ యాంటెనా కత్తిరిస్తాడు. ఫ్లెక్సీలోంచి చాచిన నాయకుడి చెయ్యి కత్తిరిస్తాడు. మోటారు వైరు, బైకు అద్దం, బిర్యానీ సెంటరు బోర్డు కత్తిరిస్తాడు. మిగిలిన బెత్తెడు గోడకు 'నా పల్లె' అని పేరు పెడతాడు.

పామాయిల్ తోటలో నిలబడి తీసిన ఫొటో కింద 'కొబ్బరాకుల చల్లని నీడలో' అని రాసేదీ ఇతనే. ఆ తోట గెలలమ్మిన డబ్బుతోనే వాళ్ల నాన్న ఇతన్ని ఇంజనీరింగ్ చదివించాడు.

ఇక మిరప చేను. సంక్రాంతి అంటే కోతల కాలం. తేజ రకం కాయ ఎర్రగా నిగనిగలాడుతుంటుంది. మనవాడికి చేను కనిపించదు, 'కలర్' కనిపిస్తుంది. గట్టు మీద మోకాళ్ల మీద కూర్చుంటాడు, పడుకుంటాడు, ఒక కన్ను మూస్తాడు. ఘాటుకు మూతికీ ముక్కుకీ గుడ్డ కట్టుకుని కాయ కోస్తున్న ఆడవాళ్లను బతిమాలతాడు.

"అమ్మా, ఆ గుడ్డ తీసెయ్యమ్మా. కొంచెం సహజంగా నవ్వవమ్మా."

"నవ్వొచ్చే పనైతే మీరే కోసుకుందురుగా బాబూ. తొరగా కానియ్యి, మేస్త్రి చూస్తన్నాడు."

"ఇటు చూడకమ్మా. నేను లేనట్టే ఉండు."

"లేనట్టే ఉండాల్నంటే పోవచ్చుగా నాయనా!"

ఈ చివరి మాట బ్లాగులోకి ఎక్కదు. 'ఆ తల్లి కళ్లలో ఏదో చెప్పలేని మౌనం' అని ఎక్కుతుంది. ఆ తల్లి చెప్పాల్సింది చెప్పనే చెప్పింది. చెంగుతో మొహం తుడుచుకుంటూ ఇంకోటి కూడా అడిగింది: "ఈ ఫొటో మాకిస్తావా బాబూ?" మనవాడు 'తప్పకుండా పంపిస్తా' అన్నాడు. ఎవరి ఫోనుకు, ఏ పేరుకు, ఏ ఇంటికి అని మాత్రం అడగలేదు. ఆమె పేరు తెలియకుండానే ఆమె మౌనం గురించి మూడు పేజీలు రాశాడు.

ఎర్ర మిరపకు ఇంకో ముఖం కూడా ఉంది. 2017 ఏప్రిల్ 28న ఖమ్మం మార్కెట్ యార్డులో మిర్చి ధర కుప్పకూలి రైతులు తిరగబడ్డారు. అరెస్టయిన రైతుల్ని మే నెలలో చేతులకు బేడీలేసి కోర్టుకు తెచ్చారు. ఆ బేడీల చేతుల్ని విలేకరులు చూపించారు కాబట్టి రాష్ట్రమంతా గగ్గోలెత్తింది. అది కూడా మిర్చి ఫొటోయే. కాకపోతే 'కలర్' తక్కువ, లైటింగు బాగాలేదు, గోల్డెన్ అవర్‌లో తీసింది కాదు. మన కళాకారుడు కల్లాల్లో ఆరబోసిన కాయల్ని పైనుంచి డ్రోన్‌తో తీసి 'ఎర్ర తివాచీ' అంటాడు. తివాచీ మీద ఎవరు నడుస్తారో, ఎవరు వంగి తాలు కాయలు ఏరతారో డ్రోన్‌కు అంత ఎత్తు నుంచి కనిపించదు. ఆ ఎత్తు కోసమే దాన్ని కొన్నది.

గోదావరికి వరదొస్తే ఇక పండగే. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఒడ్డున బతికేవాళ్లకు ఆ అంకెలకు అర్థాలున్నాయి: సామాను అటకెక్కించు, గొడ్లను విప్పు, పిల్లల్ని ఎత్తుకుని నడు. మనవాడి లెక్కలో 43కి ఒక ఫొటో, 48కి ఒక స్టోరీ, 53కి లైవ్. 2022 జులైలో నది 71.3 అడుగులకు ఎక్కి వంతెన మీద రాకపోకలు ఆపేసినప్పుడు కళ పడిన బాధ ఇంతా అంతా కాదు. 1986లో 75.6 అడుగులు వచ్చిన వరదకైతే డ్రోన్లే లేవు. ఎంత వృథా!

అడవిలోకి వెళితే కోయలు, కొండరెడ్లు. ఇక్కడ మన కళాకారుడి నియమాలు మరీ కఠినం. యూనిఫాం వేసుకున్న పిల్లాడు పనికిరాడు. చొక్కా విప్పించాలి. ముక్కు కారుతుంటే మంచిది, తల్లి వచ్చి తుడవబోతే 'వద్దమ్మా, అలాగే ఉండనీ' అనాలి. కారే ఆ ముక్కు కిందే 'అమాయకత్వం' అన్న శీర్షిక కుదురుకుంటుంది. పోడు పట్టా కోసం ఐటీడీఏ చుట్టూ తిరిగే వాళ్ల నాన్న చేతిలోని కాగితాల సంచి ఫ్రేములోకి రాకూడదు. అది వస్తే అమాయకత్వం చెడుతుంది. ఇక స్మార్ట్‌ఫోన్ ఉన్న కోయ కుర్రాడు తిరిగి మనవాడినే టకీమని ఫొటో తీశాడనుకోండి, మనవాడికి ఎక్కడలేని కోపం వస్తుంది: "అడక్కుండా తీస్తావేంటయ్యా?"

ఇదే అడవికి 1941లో ఒక ఆస్ట్రియా దేశస్థుడు వచ్చాడు. పేరు హైమెన్‌డార్ఫ్. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. శత్రు దేశపు పాస్‌పోర్టు ఉన్నందుకు బ్రిటిషువాళ్లు ఆయన్ని నిజాం రాజ్యం దాటి వెళ్లనివ్వలేదు. వీకెండ్ ట్రిప్పు కాదన్నమాట. భార్యతో కలిసి కొండరెడ్ల మధ్య ఉండి, ఫొటోలు తీసి, వాళ్ల మీద 1945లో పుస్తకం వేశాడు. ఊళ్ల పేర్లు రాశాడు. పోడు ఎలా కొడతారో, కలప వ్యాపారుల చేతుల్లో ఎలా నలిగిపోతున్నారో రాశాడు. ఆయన చూపులోనూ తప్పులు వెతకొచ్చు, వెతికారు కూడా. కానీ తప్పు పట్టడానికైనా అందులో ఊరుంది, ఏడాది ఉంది, మనుషులున్నారు. మన కళాకారుడి 'అమాయకత్వం'లో తప్పు పట్టుకుందామన్నా పిడికెడు సమాచారం దొరకదు. కెమెరా పేరు, లెన్సు పేరు, ఎపర్చరు, షట్టర్ స్పీడు మాత్రం వరసగా ఉంటాయి. యంత్రానికి పేరుంది, మనిషికి లేదు.

ఉద్యోగం చేసుకుంటూ ఫొటోలు తీయడం తప్పని ఎవరూ అనరు. రాజా దీన్ దయాళ్ కూడా మొదట ఉద్యోగే. ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉంటూ 1874లో కెమెరా పట్టాడు. ఆ సరదాయే ఆయన్ని ఆరో నిజాం కొలువుకు చేర్చింది, 'ముసవ్విర్ జంగ్' బిరుదు ఇప్పించింది. పరదాలో ఉండే స్త్రీలు మగవాడి ముందు కూర్చోలేరని ఆయన 1892లో హైదరాబాద్‌లో వాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టించాడు. అక్కడ ఫొటో తీసేదీ స్త్రీలే. ఫొటో దిగే మనిషికి ఇబ్బంది అంటే గోడలు కట్టించి, పనివాళ్లనే మార్చిన కాలమది. మనవాడు ఘాటుకు కట్టుకున్న గుడ్డ కూడా ఉంచనివ్వడు.

ఇక రాత. తెలుగు బ్లాగులు వెలిగిన రోజులు మరిచిపోయే రోజులు కావు. 2005 తర్వాత నాలుగైదేళ్లు లేఖిని సైటులో తెలుగు టైపు కొట్టి, కూడలి సైటులో బ్లాగులు వెతుక్కుని చదివిన తరం ఉంది. పత్రికల గడప తొక్కనివాళ్లు వంటిల్లు గురించి, ఊరి చెరువు గురించి, బడి గురించి తమ మాటల్లో రాసుకున్నారు. వాళ్ల టపాల్లో ఊరికి పేరుండేది. పక్కింటి అత్తయ్యకు నోరుండేది. అప్పుడూ వేషాలు లేకపోలేదు: మొదటి టపా 'నేనెందుకు రాస్తున్నాను', చివరి టపా 'చాలా రోజులైంది, ఇకపై తరచూ రాస్తాను'. ఈ రెంటి మధ్యా ఏమీ లేని బ్లాగులు కోకొల్లలు. మన కళాకారుడు ఈ రెండో సంప్రదాయానికి వారసుడు. 'మట్టి వాసన' అని మొదలెడతాడు, 'మూలాలు' అంటాడు, 'మనం ఏదో కోల్పోతున్నాం' అని ముగిస్తాడు. కోల్పోయిందేమిటో చెప్పడు. ఊళ్లో అడిగితే చెప్పేవాళ్లు: కౌలు రేటెంతో, కాలువ చివరి ఎకరానికి నీళ్లు ఎందుకు రావో, కోతకు మనుషులు దొరక్క ఎక్కడెక్కడి నుంచి తెస్తున్నారో. అడిగితే రాయాల్సి వస్తుంది. రాస్తే మట్టి వాసన పోయి మట్టి మిగులుతుంది.

'సరదాకి తీసుకుంటే నీకేం నొప్పి?' అంటారు. సరదా అయితే ఇల్లు వదిలి రెండు వందల కిలోమీటర్ల పైన రావడం దేనికి? నీ టవర్లోనే పనిమనుషులకు వేరే లిఫ్టుంది. దాని తలుపు ముందు నిలబడు, బ్రహ్మాండమైన ఫ్రేము. గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో రాత్రంతా కూర్చునే సెక్యూరిటీ పెద్దాయన ఏ జిల్లా వాడో కనుక్కో. పాలమూరో, ఒడిశానో, ఏమో మన తల్లాడ దగ్గరివాడేనేమో. ఎండాకాలం నీళ్ల ట్యాంకరు కోసం బకెట్ల క్యూ ఉంటుంది. అవి నువ్వు తీయవు. తీస్తే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నోటీసిస్తుంది. కల్లూరులో నోటీసిచ్చేవాడు లేడు. నీ కళ అంతా ఆ ధైర్యం మీదే నడుస్తోంది.

నిజానికి కల్లూరుకు ఫొటోగ్రాఫర్లు కొత్త కాదు. మెయిన్ రోడ్డు మీద స్టూడియో ఉంటుంది. వెనక జలపాతం పరదా, ముందు ప్లాస్టిక్ పూలకుండీ. ఆ స్టూడియో అబ్బాయికి గోల్డెన్ అవర్ తెలియదు. పట్టాదారు పాసుపుస్తకానికి, పింఛనుకి, పిల్లల హాస్టల్ దరఖాస్తుకి ఫొటోలు తీసి కాసేపట్లో కవర్లో పెట్టి చేతికిస్తాడు. పెళ్లిలో అందర్నీ వరసలు పెట్టి పిలిచి స్టేజీ ఎక్కించి తీసి, కరిజ్మా ఆల్బం చేసిస్తాడు. ఇంట్లో పెద్దావిడ పోతే, ఏ పెళ్లి గ్రూపు ఫొటోలోనో వెనక వరసలో ఉన్న ఆమె మొహాన్ని విడదీసి, పెద్దది చేసి, ఫ్రేము కట్టి దినం నాటికి అందిస్తాడు. మన కళాకారుడి ఫొటోకు వేల లైకులు తెచ్చిన ఆ మిరప చేను తల్లికి గోడ మీద ఉండబోయేది కూడా స్టూడియో అబ్బాయి తీసిందే. అతన్ని ఎవరూ ఆర్టిస్టు అనరు. పండగకొచ్చిన మనవాడు ఆ జలపాతం పరదాను చూసి ముసిముసిగా నవ్వి, దాన్ని కూడా ఒక ఫొటో తీసుకుంటాడు.

కాబట్టి వచ్చే సంక్రాంతికి ఊరు ఒక బోర్డు రాయించుకోవడం మేలు. కోతల చేలకు పోయే బాట మొదట్లో, పొడుగు లెన్సులకు కూడా కనిపించేంత పెద్ద అక్షరాల్లో:

ఫొటో తీసేవారికి మనవి. ముందు పేరడగవలెను. పని ఆపించిన ప్రతి పూటకూ పూట కూలి. ముక్కు గుడ్డ తీయించిన అదనం. సహజంగా నవ్వవలెనన్న డబుల్ రేటు. 'మౌనం', 'అమాయకత్వం', 'మట్టి మనుషులు' అని రాసిన జరిమానా. పోయినేడు తీసిన ఫొటోల ప్రింట్లు తెచ్చినవారికి పై రుసుములన్నీ మాఫీ, టీ ఉచితం.