బాబాయిగారి ఇన్‌పేషెంటు

ఉదయం ఆరింటికి తలుపు కొట్టి, “ఒక్క పచ్చి బఠాణీ ఉంటే ఇస్తావా నాయనా?” అని అడిగే మనిషికి ఏం జవాబు చెప్పాలో మా అమ్మ నాకు నేర్పలేదు. గ్లాసుడు పంచదార, రెండు రెబ్బల కరివేపాకు, తోడుకు చెంచాడు పెరుగు అడిగితే వాటిని చేబదుళ్లు అంటాం. ఒక్క బఠాణీని ఏ పద్దు కింద రాసుకోవాలి?

అడిగినాయన మా ఎదురు ఫ్లాటు బాబాయిగారు. ట్రెజరీలో 34 ఏళ్లు చేసి రిటైరయ్యారు. కొర్రీ పడకుండా ఆయన టేబులు దాటిన బిల్లు లేదని పాతవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి మనిషికి మనవడు పుట్టినరోజుకు కొనిపించుకుని, వారం మురిసి, ఎనిమిదో రోజున మరిచిపోయిన ఫైటర్ చేప దక్కింది. ఎర్రగా, రెక్కలు విసనకర్రలా విప్పి, అద్దంలో తన మొహం మీదికి తనే దూకే ఆ చేపకు ఆయన ‘పాపారాయుడు’ అని పేరు పెట్టారు. బొబ్బిలి యుద్ధం ఆయన అభిమాన విషయం.

చేపలు పెంచేవాళ్లు వేరు, చేపలకు వైద్యం చేసేవాళ్లు వేరు. మొదటి రకానికి చేప ఉంటే చాలు. రెండో రకానికి చేపకు ఏదో ఒకటి ఉండాలి. బాబాయిగారు రెండో రకమని జనవరిలో బయటపడింది. పాపారాయుడు కడుపుబ్బి, ఒక పక్కకు ఒరిగి, తెగిన గాలిపటంలా నీటి మీద తేలుతున్నాడు.

“గాలితిత్తి దెబ్బతింది. మలబద్ధకం కూడా,” అన్నారు బాబాయిగారు, ఇంటిపెద్దకు వచ్చినంత దిగులుగా.

కారణం నాకు తెలుసు, పిన్నిగారికీ తెలుసు. పాపారాయుడికి పూటకు రెండు మూడు గింజల మేత చాలు. ఫైటర్ కడుపు దాని కంటిగుడ్డంతే ఉంటుందని పెంచేవాళ్లంతా చెబుతారు. పైగా ఎండు గింజ తడిస్తే ఉబ్బుతుంది. బాబాయిగారేమో, ఇంటికొచ్చిన అల్లుడికి వడ్డించినట్టు, “ఇంకొక్కటి, ఇదొక్కటి” అని పది వేసేవారు. ఇక ఇల్లు చూడబోతే హార్లిక్స్ సీసా. ఫైటర్‌కు మొప్పలతో పాటు తలలో ఇంకో శ్వాసావయవం కూడా ఉంటుంది, నీటి పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకుంటుంది. ఆ ఒక్క ముక్క పట్టుకుని దాన్ని సీసాల్లో పెట్టి అమ్మేస్తారు. గాలి దొరుకుతుంది సరే, అది విసర్జించిన అమోనియా సీసాలో ఎక్కడికి పోతుంది?

ఆ రోజే ఆస్పత్రి వెలిసింది. 20 లీటర్ల తొట్టి, హీటరు, థర్మామీటరు. పైకి రావడానికి రోగి ఆయాసపడకూడదని సగమే నీళ్లు. వేడి 26 డిగ్రీలకు తగ్గకూడదు. పిన్నిగారు గీజరు పది నిమిషాలు దాటి వేస్తే వెళ్లి మీటరు చూసొచ్చే మనిషి, చేపకు మాత్రం రాత్రంతా కరెంటు మంజూరు చేశారు. “నా మోకాళ్లకు కాపడం పెట్టుకోమంటే వేణ్నీళ్లు దండగన్నారు,” అని పిన్నిగారు నాతో అన్నారు, తొట్టి వైపు చూస్తూ.

తర్వాత రిజిస్టరు తెరిచారు. ఎర్ర గీతలు కొట్టిన అసలు సిసలు ట్రెజరీ రిజిస్టరు. తేదీ, వేళ, నీటి వేడి, మేత, విసర్జన, రిమార్కులు. విసర్జన గడిలో మూడు రోజులు వరుసగా ‘నిల్’ పడేసరికి ఆయన మొహం మార్చి 31 నాటి ఆఫీసులా తయారైంది. రోజుకు రెండుసార్లు భూతద్దం పట్టుకుని పైనుంచి పరీక్ష. పొలుసులు సీతాఫలం కళ్లలా విచ్చుకుంటే ఒంట్లో నీరు చేరినట్టు, ఆ రోగం వచ్చిన ఫైటర్లు బతకడం అరుదు. పొలుసు కదలలేదని తేలాకే కాఫీ.

అక్వేరియం షాపు కుర్రాడు, పాపం, ఉన్న మాటన్నాడు: “వంద రూపాయలే కద్సార్, ఇంకోటి తీస్కోండి.” ఆ షాపుకు బాబాయిగారు మళ్లీ వెళ్లలేదు. “మామూలు చేపనుకుంటున్నాడోయ్! థాయిలాండ్ వాళ్లు 2019లో జాతీయ జలచరంగా ప్రకటించుకున్నారు. వరి మళ్లలో పుట్టిన ప్రాణి, మనవాడే అనుకో,” అని రెండు దేశాలకూ చుట్టరికం కలిపేశారు.

ఏటా మృగశిర కార్తెకు ఈ ఊళ్లో జనం బారులు తీరి, ఆయాసం తగ్గాలని, నోట్లో మందు పెట్టిన కొర్రమీను పిల్లను బతికుండగానే మింగుతారు. అదే ఊళ్లో ఒక మనిషి చేపకు ఆయాసం తగ్గాలని తెల్లవారుజామున బాదం చెట్ల కింద ఆకులేరుతున్నాడు. రాలి ఎండిన ముదురు ఆకులే కావాలి. కడిగి నీళ్లలో వేస్తే రంగు దిగి డికాషన్‌లా అవుతుంది, ఫైటర్‌కు ఆ నీళ్లు హితవు. వాటినే ప్యాకెట్లలో కట్టి ఆన్‌లైన్లో అమ్ముతున్నారని తెలిసి బాబాయిగారు మండిపడ్డారు. వీధి ఊడ్చే ఆమె రెండు రోజులు చూసి, “వినాయకచవితి ఎప్పుడో అయిపాయె గద సారూ,” అంది.

నా బఠాణీ ఉడికి, తొక్క ఊడి, ఆవగింజంత ముక్కలై తొట్టిలోకి దిగింది. పాపారాయుడు ఒక ముక్క నోట్లోకి తీసుకుని, ఆలోచించి, బయటికి ఉమ్మేశాడు. పుట్టు మాంసాహారి. పురుగులు, దోమ పిల్లలు తినే జాతికి శ్రాద్ధభోజనం పెడితే ఎలా? చివరికి అసలు మందు తేలింది: రెండు మూడు రోజులు పూర్తి ఉపవాసం, నీళ్లు కొంచెం కొంచెం మార్చడం, అంతే. అంటే ఏమీ చేయకపోవడం. బాబాయిగారి లాంటివాళ్లకు అంతకన్నా చేదు మందు లేదు.

ఉపవాసం మొదలైంది. రిజిస్టరులో ‘మేత: నిల్’ అని మూడు రోజులు పడింది. కడుపు మాత్రం తగ్గలేదు. ఆయనలోని ట్రెజరీ నిద్రలేచింది. ఎక్కడో లీకేజీ ఉంది. మనవణ్ణి విచారించారు. పనమ్మాయిని అడిగి తిట్లు తిన్నారు. పిన్నిగారిని అడగబోయి మానుకున్నారు.

నాలుగో రాత్రి పదకొండు దాటాక చెత్తబుట్ట బయట పెట్టబోయి చూశాను. ఎదురు తలుపు ఓరగా తెరిచి ఉంది. హీటరు ఎర్రదీపం వెలుగులో బాబాయిగారు తొట్టి మీదికి వంగి ఉన్నారు. “ఒక్కటేరా. నీరసంగా ఉన్నావు. ఎవరికీ చెప్పకు,” అంటున్నారు. టప్పుమని ఒక గింజ పడింది. కాసేపాగి ఇంకొకటి.

34 ఏళ్ల సర్వీసులో ఆయన రాసిన దొంగపద్దు అదొక్కటే అయ్యుంటుంది.

నేను చెప్పలేదు. నాకన్నా ముందే పిన్నిగారు చూశారు. మర్నాడు మేత డబ్బా బీరువాలోకి వెళ్లింది, తాళంచెవి ఆవిడ కొంగుకు చేరింది. మూడో నాటికి విసర్జన గడి నిండింది, ఎర్ర సిరాతో, కింద రెండు గీతలతో. వారానికి పాపారాయుడు నిటారుగా ఈదుతూ నీటి మీద బుడగల గూడు అల్లాడు. మగ ఫైటర్ గుడ్లు దాచడానికి అల్లే గూడది. ఆడచేప లేకపోయినా అల్లుతుంది. బాబాయిగారు అంతస్తుల వెంట తిరిగి శుభవార్త చెప్పారు. “అంతా బాదం ఆకు మహిమ,” అన్నారు. పిన్నిగారు వింటూ చిక్కుళ్లు ఒలుచుకున్నారు.

మొన్న ఆయన బీపీ చూసిన డాక్టరు ఉప్పు, పచ్చళ్లు మానేయమన్నాడట. బీరువాలో మేత డబ్బా పక్కన ఇప్పుడు ఆవకాయ జాడీ కూడా ఉంది. నిన్న రాత్రి పదకొండింటికి మళ్లీ ఆ తలుపు ఓరగా తెరిచే ఉంది. బాబాయిగారు తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పాపారాయుడు అద్దం దగ్గరికొచ్చి ఆయన్నే చూస్తున్నాడు. లోపలి గదిలో పిన్నిగారు పక్క మీద ఒత్తిగిల్లినట్టున్నారు, తాళంచెవి గలగలమంది. ఇద్దరూ ఒకేసారి అటు తిరిగారు.