ఎంజైము చొక్కా అట!

అల్ ముంతజా పార్కులో సాయంత్రం నడకకొచ్చే మన తెలుగు కుర్రాళ్ల ఒంటి మీద ఇప్పుడు లినెన్ చొక్కాలే. దోహా ఎండకు హాయిగా ఉంటుందంటారు. ఉంటుంది, కాదనను. కానీ "అంకుల్, ఇది ఎంజైముతో తీసిన అవిసె నార, నేలకీ నీళ్లకీ మంచిది" అని ఒక కుర్రాడు నాకే పాఠం చెబితే ఎలా ఊరుకోను? శ్రీకాకుళం జిల్లాలో పుట్టి గోగు నార ఒలిచిన చేతులు నావి.

మా రోజుల్లో గోగు పూత మీదుండగా కోసేవాళ్లం. కట్టలు కట్టి, ఆకు రాలేదాకా చేలో నిలబెట్టి, తర్వాత చెరువులో ముంచి పైన దుంగలూ రాళ్లూ పెట్టేవాళ్లం. రెండు మూడు వారాలు ఊరాలి. ఆ కంపుకు గట్టు మీద పోయేవాడు ముక్కు మూసుకునేవాడు. మా నాన్న మాత్రం దిగి, ఒక కాడ తీసి, మొదలు దగ్గర వేలితో నలిపి చూసేవాడు. ఇడ్లీ పిండి పులుపులాంటిదే ఇదీ: తక్కువైతే బెరడు వదలదు, ఎక్కువైతే నార పుటుక్కున తెగుతుంది. మొలలోతు నీళ్లలో నిలబడి ఒలిస్తే కాళ్లు పాసిపోయేవి, ఒళ్లంతా దురద. నార నెల్లిమర్ల, చిట్టివలస గోనె సంచుల మిల్లులకి, పుల్లలు పొయ్యిలోకి, దడికి.

ఆ చెరువులో జరిగిందేమిటి? కాడలోని నార పోగుల్ని పెక్టిన్ అనే జిగురు పట్టి ఉంచుతుంది. దాన్ని కరిగించడానికి బాక్టీరియా విడిచే ఎంజైమే పెక్టినేజ్. ఐరోపాలో అవిసె కాడల్ని పొలంలోనే పరిచి మంచుకు తడవనిస్తారు, అక్కడ ఆ పని బూజుది. బెల్జియంలో ఒకప్పుడు లీస్ నదిలోనే ముంచేవారు. దానికి బంగారు నది అని పేరు, కంపు మాత్రం మా చెరువు కంపే. తర్వాత డెన్మార్క్‌లోని నోవో కంపెనీ అలాంటి ఎంజైముల్నే ఫ్లాక్స్‌జైమ్ అని అమ్మకానికి పెట్టింది. తొట్టెలో గోరువెచ్చని నీళ్లు, ఎంజైము, పెక్టిన్‌లోని కాల్షియాన్ని లాగేసే మందు కాస్త. వారాల పని ఒక రోజుకు దిగింది. అందులో సెల్యులేజ్ అనే మరో ఎంజైము పాలు ఎక్కువైతే నారనే కొరుకుతుంది కాబట్టి మా నాన్న వేలుండే చోట ఇప్పుడు ప్రయోగశాల ఉండాలి. ఇంత ఖర్చు ఎవరు పెడతారు? ఫ్రాన్స్, బెల్జియంలలో నేటికీ అవిసె నార చాలావరకు మంచులోనే ఊరుతోంది. కాబట్టి ఆ కుర్రాడి చొక్కా ఎంజైము చొక్కా అంటే నేను నమ్మను.

ఎంజైము చెడ్డదనడం లేదు. గోగు ఊరిన చెరువులో చేపలు తేలడం నేను చూశాను. నా గొణుగుడల్లా ఒకటే: ఇంత తెలివి మన గోగు రైతు గట్టు దాకా ఎందుకు రాలేదని. తెలివి లేక కాదు: బారక్‌పూర్‌లోని కేంద్ర జనపనార పరిశోధన సంస్థ క్రైజాఫ్ సోనా అని సూక్ష్మజీవుల పొడి తెచ్చింది. చల్లితే త్వరగా ఊరుతుంది, నార రంగూ బాగుంటుంది. మన ఆమదాలవలసలో గోగు మీద పరిశోధనా కేంద్రం ఉంది. ఈలోగా చిట్టివలస మిల్లు 2009లో మూతపడింది. చేలలో మొక్కజొన్న వచ్చింది. ధాన్యం, చక్కెర జనపనార సంచుల్లో నింపాలని 1987లోనే చట్టం చేశారు, ఇంటికొచ్చే బియ్యం మాత్రం ప్లాస్టిక్ సంచిలోనే.

లినెన్ వేసుకోండి బాబూ, వద్దనను. సెలవుల్లో ఊరికెళ్లినప్పుడు మాత్రం బియ్యం గోనె సంచిలో ఇమ్మని కొట్టువాణ్ని అడగండి.