షష్టిపూర్తి నౌకాహ్వానము: సటీకాతాత్పర్యము

మూలము

"మా నాన్నగారి షష్ఠిపూర్తి మహోత్సవ శుభవేళ, అనంత రత్నాకరుని వక్షఃస్థలమున, విలాస నౌకపై, మన వంశవృక్షపు కొమ్మలన్నియు ఒక్కచోట చేరి మధుర స్మృతులు పోగుచేసికొను అపురూప సందర్భమునకు మిమ్ము సకుటుంబముగా ఆహ్వానించుచున్నాము. రెండవ రేయి అందరును ధవళ వస్త్రధారులు కావలెను. కానుకలు వలదు, మీ రాకయే కానుక. టిక్కెట్లు ఎవరివి వారే."

అవతారిక

"తిన్నావా" అని అడగడానికి కూడా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టే కుర్రాడు, చుట్టాల చేత డబ్బు పెట్టించాల్సి వచ్చేసరికి గ్రాంథికంలోకి దిగాడు. ఇతడు మా పెదనాన్నగారి మనవడు, మా అన్నయ్య కొడుకు. ఉద్యోగం బెంగుళూరు, పుట్టుక ఉప్పాడ. కుటుంబం గ్రూపులో ఈ గద్యం పడగానే అందరూ దండాల బొమ్మలు పెట్టారు. చదివినట్టు మాత్రం ఎవరి ముఖంలోనూ కనబడలేదు. అందుచేత ఈ టీకకు పూనుకొన్నాను. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథసూరి ప్రతిజ్ఞ. ఆయనది మెదక్ సీమలోని కొలిచెలమ, సముద్రపు గాలి సోకని చోటు. మాది కెరటం ఒడ్డు. ప్రతిజ్ఞలో మొదటి సగం నేను పాటిస్తాను.

పాఠాంతరము

"టిక్కెట్లు ఎవరివి వారే" అన్న వాక్యం కొన్ని ప్రతుల్లో లేదు. మా పిన్ని ఫోనులో స్క్రీన్‌షాట్ రూపంగా దొరికిన ప్రాచీన ప్రతిలో ఆ చోట "మిగతా విషయాలు కలిసినప్పుడు" అని ఉంది. పది నిమిషాల తరువాతి ప్రతిలో "ఎడిటెడ్" అనే లేఖక చిహ్నంతో ఇప్పటి పాఠం కనబడుతుంది. ఇది ప్రక్షిప్తమని మా బాబాయి వాదన. కాదు, కవిహృదయం ఇదే, పైదంతా ప్రక్షిప్తం అని నా నిర్ణయం. అన్వయక్రమంలో చదివితే ఈ వాక్యమే మొదట రావాలి.

టీక

షష్ఠిపూర్తి: ఠకారపు ఒత్తు సంగతి బడిపిల్లలకు వదిలేస్తున్నాను. మా అన్నయ్య పుట్టింది విశ్వావసు నామ సంవత్సరంలో. అరవై తిరిగి 2025 ఉగాదితో మళ్లీ విశ్వావసు వచ్చింది. విశ్వమంతటి వసువు, అనగా సర్వజనుల సొమ్ము, అని ఇక్కడ అర్థం చెప్పుకోవాలి. వెనకాలే వచ్చే ఏడు పేరు పరాభవ. అది ఎవరికన్నది క్రెడిట్ కార్డు బిల్లులు తేలుస్తాయి.

నౌకపై: ఇక్కడ కొంచెం ఆగాలి. బౌధాయనుడు తన ధర్మసూత్రాల్లో దక్షిణాది వాళ్ల వింత ఆచారాలు కొన్ని, ఉత్తరాది వాళ్లవి కొన్ని విడివిడిగా చెప్పాడు. మేనమామ కూతుర్ని చేసుకోవడం మన పద్దులో రాశాడు, సముద్రం మీద పోవడం వాళ్ల పద్దులో. మా అన్నయ్య చేసుకున్నది మేనమామ కూతుర్నే కనుక దక్షిణ దోషం ఎప్పుడో చెల్లిపోయింది. ఇప్పుడు ఉత్తర దోషం కూడా తీర్చుకొని అఖండ భారతీయుడు కాబోతున్నాడు.

అదే మహానుభావుడు ఇంకోచోట మనిషిని పతితుణ్ణి చేసే పనులు వరసపెట్టి, సముద్రయానాన్ని తలమీద కూర్చోబెట్టాడు. భూమి తగాదాలో అబద్ధపు సాక్ష్యం కూడా ఆ జాబితాలోదే. ఆ విషయంలో మా వంశానికి ఎవరూ ఆహ్వానం పంపనక్కర్లేదు. ప్రాయశ్చిత్తం కూడా చెప్పాడు: నాలుగు పూటలకొకసారి కాస్తంత తినాలి, రోజుకు మూడు మునకలు వేయాలి, పగలు నిలబడాలి, రాత్రి కూర్చోవాలి, ఇలా మూడేళ్లు. మా మగ్గాలవాళ్లకు ఈ శిక్ష వర్తిస్తుందా అన్నది వేరే చర్చ. విలాస నౌకలో పగలు నిలబడడం బఫే వరసలోనూ, రాత్రి కూర్చోవడం పేకాట దగ్గరా జరిగిపోతాయి. మునకలకు ఈతకొలను ఉంది. పేచీ అంతా నాలుగు పూటలకొకసారి కాస్తంత తినడం దగ్గరే.

అసలు శాస్త్రం వద్దన్నా ఈ తీరం ఎప్పుడు ఆగింది? కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించాడు. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి దేశదేశాల సరుకు ఓడల మీద దింపుకొన్నవాడు. అంత దూరం ఎందుకు, మనకు దగ్గరి రేవు కోరంగినే చూడండి. 1789లో ఒకసారి, 1839లో ఒకసారి తుపాను ఆ రేవును తుడిచిపెట్టింది. అయినా పేరు మిగిలింది. బర్మాలో తెలుగువాణ్ణి కోరంగీ అనే పిలిచారు. కాకినాడ నుంచి, కోరంగి నుంచి, విశాఖపట్నం నుంచి మనవాళ్లు రంగం పోయారు. రంగూన్ అనడం చదువుకున్నాక వచ్చిన అలవాటు, మన ముసలమ్మలకు అది రంగమే. ధాన్యం మిల్లుల్లో బస్తాలు మోశారు, రేవులో ఓడల సరుకు దింపారు. 1930లో ఆ రేవు పని దగ్గరే సమ్మె, దాని వెంట అల్లర్లు, మనవాళ్ల రక్తం. 1941 చివర జపాను బాంబులు పడితే, 1942లో ఓడ దొరకనివాళ్లు అడవుల్లో పడి నడిచి వచ్చారు, రానివాళ్లు రాలేదు. మనవాళ్లు రంగం పోయింది డెక్కు టిక్కెట్టు మీద. డెక్కు అంటే అప్పట్లో అన్నిటికన్నా చవక తరగతి: పైన ఆకాశం, కింద చెక్క, మూటలో బియ్యం. ఇప్పుడు ఆ ఆకాశం కనబడే గదికే ఎక్కువ రేటు. మధుర స్మృతులు పోగుచేసుకోవడానికి వాళ్లెవరూ ఓడెక్కలేదు. మనియార్డరు పంపడానికి ఎక్కారు.

ఆహ్వానం గురించి కదా రాస్తున్నాను. సరే.

ప్రకృత నౌక ఏదనగా, విశాఖ నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నై పోయే కార్డీలియా వారి ఎంప్రెస్. మొదటిసారి 2022 జూన్‌లో విశాఖ వచ్చింది, 2025 జూలైలో మళ్లీ వచ్చింది. 1990లో నార్డిక్ ఎంప్రెస్ అనే పేరుతో ప్రయాణాలు మొదలుపెట్టిన ఓడ, అంటే దాని షష్టిపూర్తికి ఇంకా వ్యవధి ఉంది. మనం ఉప్పాడలో కారెక్కి, సముద్రానికి వీపు తిప్పి హైవే పట్టుకొని విశాఖ పోవాలి. అక్కడ 2023లో తెరిచిన క్రూయిజ్ టెర్మినల్లో వరస కట్టాలి. ఓడెక్కాక అది దక్షిణంగా తిరిగి, ఆ రాత్రి మన ఉప్పాడకు ఎదురుగానే, ఎక్కడో లోపల, ఆగకుండా పోతుంది. మన పెరట్లోంచి ఉత్తినే కనబడే నీళ్లను, మన పెరడు కనబడనంత దూరం నుంచి చూడడానికి మనిషికింత అని కట్టాలన్నమాట.

రత్నాకరుని వక్షఃస్థలమున: సముద్రంలో రత్నాలుంటాయి గనుక రత్నాకరుడు అని అందరూ చెప్పే అర్థం. ఉప్పాడలో దీనికి వేరే వ్యుత్పత్తి ఉంది. తుపాను తగ్గిన మర్నాడు మన ఒడ్డున ఆడా మగా పిల్లలూ వంగి ఇసుక దువ్వుతారు. 2020 నవంబరులో నివర్ తుపాను వెళ్లాక కూడా బంగారు రవ్వలు దొరికాయని జనం ఎగబడ్డారు. ఆ బంగారం కడలిలో పుట్టింది కాదు. మునిగిపోయిన ఇళ్లదీ గుళ్లదీ అని పెద్దలు చెబుతారు. మన ముత్తవ్వల ముక్కుపుడకలు మింగి, రవ్వ రవ్వగా కక్కుతున్నాడు కనుక మనకు రత్నాకరుడు.

సముద్రుడు చెలియలికట్ట దాటడు అని మన కవిసమయం. రాజుగారి మర్యాదను పొగడాలంటే కావ్యాల్లో ఈ ఉపమానమే. ఆ కవులు ఉప్పాడ చూసినట్టు లేదు. కాకినాడకు హోప్ ఐలండ్ ఇసుకతిన్నె అడ్డు నిలిచి రేవును కాచింది. ఆ చలువ మన దాకా రాలేదు, దెబ్బ మాత్రం వచ్చింది. జియోట్యూబులు పరిచారు, బండలు పోశారు, కాకినాడ బీచ్ రోడ్డు ఎన్నిసార్లు వేసినా అన్నిసార్లు కోసుకుపోయింది. నాయకులు వచ్చి కోత చూసి ఫొటో దిగి పోతారు. ఇల్లు పోయినవాడు వెనక వీధిలో అద్దెకు దిగుతాడు, నాలుగేళ్లకు ఆ వీధే ముందు వీధి అవుతుంది. ఇటువంటివాడి వక్షఃస్థలం మీద కేకు కోస్తామంటున్నావు నాయనా, వాడు మన గుమ్మం మీద ఏం కోస్తున్నాడో చూశావా?

వంశవృక్షపు కొమ్మలన్నియు: అన్నియు అనగా టిక్కెట్టు కొనగలిగిన కొమ్మలన్నియు. మగ్గం మీద ఉన్న మీ చిన్నత్త ఈ లెక్కలోకి రాదు. రాలేనని చెప్పడానికి ఆమె గ్రూపులో కాలునొప్పి అని రాసింది. ఆమెకు కాలునొప్పి లేదు.

ధవళ వస్త్రధారులు: అరవయ్యేళ్ల మొగుడి పక్కన ముత్తయిదువను తెల్లచీరలో నిలబెట్టాలన్న బుద్ధి ఏ అలంకార శాస్త్రంలోది? అదీ ఉప్పాడలో పుట్టినవాడికి! 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న జాందానీ మనది. ఇద్దరు ఎదురూ బొదురూ కాక పక్కపక్కనే కూర్చుని, పువ్వు పువ్వుకీ దారం చేత్తో ఎక్కించి, తిరగేసినా మరగేసినా ఒకేలా కనబడేట్టు నేసే చీర. నెల, రెండు నెలలు పట్టేవీ ఉంటాయి. నువ్వేమో అందరికీ మీ నాన్న బొమ్మ అచ్చేసిన టీషర్టులు తెప్పిస్తున్నావట.

శాంతి ప్రకరణము: మూలంలో లేదు, ఉండాల్సింది, ఇక్కడొక్కచోట ప్రతిజ్ఞ తప్పుతున్నాను. అరవై నిండితే చేసేది ఉగ్రరథ శాంతి, దానికి హోమం కావాలి. ప్రయాణికుల ఓడల్లో నిప్పు నిషిద్ధం, అగరువత్తి కూడా వెలిగించనివ్వరు. ఇక మిగిలింది ఔర్వుడు తన కోపాన్ని కడలిలో పారేసినప్పుడు పుట్టిన బడబాగ్ని ఒక్కటే. పురోహితుణ్ణి అక్కడి దాకా దింపే బాధ్యత టూరు కంపెనీ తీసుకొంటుందేమో కనుక్కో.

మీ రాకయే కానుక: సులభం.

తాత్పర్యము

మీ నాన్నకు తల్లి ఉంది. ఎనభై మూడేళ్లు. వెయ్యి పున్నములు చూసిన మనిషికి సహస్ర చంద్ర దర్శనం చేస్తారు. ఆమెకు అది ఎప్పుడు దాటిపోయిందో మనలో ఎవరికీ గుర్తు లేదు, నాకూ లేదు. ఓడ మెట్లు ఎక్కలేదు కనుక ఆ మూడు రోజులూ ఇంటికి కాపలా ఉంటుందని నిర్ణయించారు. పీటల మీద కూర్చున్న కొడుకు నెత్తిన మొదటి అక్షింతలు వేయాల్సింది ఆమె.

కాబట్టి ఓడకు ముందటి ఆదివారం ఉప్పాడలో మీ అమ్మానాన్నలు పీటల మీద కూర్చుంటున్నారు. పురోహితుణ్ణీ వంటమనిషినీ మాట్లాడేశాను, ఖర్చు నాది. చిన్నత్త కూడా వస్తానంది. గ్రూపులో దండాల బొమ్మలు పెట్టకండి. ఎంతమంది వస్తారో అంకె వేసి చెప్పండి, విస్తళ్లు పురమాయించాలి.