దేవగురువు బృహస్పతి గారికి బహిరంగ లేఖ

బ్రహ్మశ్రీ బృహస్పతి గారికి,
దేవగురువులు, ధనుర్మీన రాశుల అధిపతులు,
నవగ్రహ మండలం.

విషయం: గోవా పెళ్లికి పద్నాలుగు రోజుల ముందు పిలుపు, అందుకు తమరి పేరు వాడుకోవడం గురించి.

అయ్యా,

పోయిన ఆదివారం భోంచేసి కునుకు తీయబోతుంటే ఫోన్లో సన్నాయి మోగింది. నొక్కితే కోట తలుపులు తెరుచుకున్నాయి, రెండు నెమళ్లు పక్కకు జరిగాయి, కొబ్బరిచెట్ల వెనకనుంచి సముద్రం వచ్చింది. అన్నీ అయ్యాక తారీఖు వచ్చింది. మా పెదబావగారి రెండో అమ్మాయి పెళ్లి. గోవాలో, మూడు రోజులు, సకుటుంబ సపరివార సమేతంగా. వేళ్లు మడిచి లెక్కపెట్టాను. పద్నాలుగు రోజులు.

వెంటనే బావగారే ఫోన్ చేశారు. "ఏం చెయ్యమంటావోయ్, ఇది దాటితే మూఢం. గురువుగారు ఒప్పుకోవాలి కదా!" అన్నారు. ఆ గురువుగారు తమరే కనుక ఈ మొర తమరికే.

తమరి మీద ఈ నేరం నిలవదు. తమరు సూర్యుడి చేరువకెళ్లి కనుమరుగయ్యే ఈ మూఢం వచ్చేది సుమారు పదమూడు నెలలకోసారి, అదీ ఓ నెల అటూ ఇటూ. ఆ సెలవు కబురు కూడా పంచాంగంలో అచ్చేయించి, ఉగాదినాడే ఊరందరికీ అందేలా చేసి మరీ వెళతారు. 2024లో తమరి మూఢానికి శుక్రాచార్యుల మూఢమూ తోడై మే, జూన్ నెలలు ముహూర్తాల్లేక బోసిపోయాయంటే, ఆ సంగతి పంచాంగం కొన్నవాళ్లందరికీ ముందే తెలుసు. అంత దూరాన ఉన్న తమరు చెప్పగలిగినప్పుడు, హిమాయత్‌నగర్‌లో ఉన్న బావగారు చెప్పలేరా?

ఆరా తీశాను. రిసార్టుకు అడ్వాన్సు శ్రావణంలోనే కట్టేశారట. డ్రోన్ ఎగరేసే కుర్రాడికీ, గోరింటాకు పెట్టే అమ్మాయికీ దసరాకే కబురు వెళ్లింది. ముహూర్తం గోధూళి వేళ. అడిగింది ఫొటోగ్రాఫరు. ఆ వెలుతురులో తలంబ్రాలు బంగారంలా రాలతాయట. పాపం, సిద్ధాంతిగారు దానికో లగ్నం కుదిర్చారు. అడ్వాన్సు పుచ్చుకున్న ప్రతివాడికీ ఈ పెళ్లి నెలల కిందే తెలుసు. అడ్వాన్సు లేనిది అక్షింతలు వేసేవాళ్లకే, అందుకే మాకు తెలియలేదు.

ఇంకో రహస్యం మా వదిన నోరు జారి చెప్పేసింది. గదులు ఎనభై. ముందు పిలిచినవాళ్లలో కొందరు రాలేమన్నాక మా పేర్లు పైకి జరిగాయి. అంటే మేం వెయిటింగ్ లిస్టులోంచి కన్ఫర్మ్ అయినవాళ్లం.

వెయిటింగ్ లిస్టంటే గుర్తొచ్చింది. రైల్వేవాళ్లు రిజర్వేషన్ గడువును 2024 నవంబరునుంచి 120 రోజులకు బదులు 60 రోజులు చేస్తే అన్యాయమన్నాం. ఇప్పుడా అరవై రోజులు రామరాజ్యంలా కనిపిస్తున్నాయి. సికింద్రాబాద్ నుంచి వాస్కోకు నేరుగా పోయే బండి వారానికి రెండు రోజులే. మా అత్తగారికి కింది బెర్తే కావాలి. మావాడికి ఇంటర్ ప్రాక్టికల్స్. విమానం ధర చూశాక, చదివింపుల కవరు కోసం తీసి పెట్టిన నోట్లను మా ఆవిడ మౌనంగా బీరువాలో పెట్టేసింది. ఇదే పెళ్లి ఇటలీలో అయ్యుంటే? షెంజెన్ వీసాకు ప్రయాణానికి కనీసం పదిహేను రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి. బావగారి లెక్కలో మాకు ఒకరోజు తక్కువ.

వెనకటికి పెళ్లి పక్కూళ్లో జరిగేది. గడపలో నిలబడి బొట్టు పెట్టి "మీరు రావాలి" అంటే చాలు, మర్నాడు బస్సెక్కేవాళ్లం. ఇప్పుడు పెళ్లి ఆరు వందల కిలోమీటర్లు అవతలికి వెళ్లింది. పిలుపు మాత్రం ఇంకా పక్కూళ్లోనే ఉండిపోయింది.

కనుక తమరికి మూడు విన్నపాలు.

ఒకటి, రిసార్టుకు డబ్బు కట్టిన రోజే పెళ్లివారు ఒక ఫోన్ చెయ్యాలి. శుభలేఖ, నెమళ్లు నిదానంగా రావచ్చు. "ఫలానా తారీఖు ఖాళీగా పెట్టుకోండి" అన్న ముక్క చాలు.

రెండు, రైలు బుకింగ్ తెరిచేలోపు ఊరు, రోజులు, గదులెవరు చూస్తారన్నది తేల్చి చెప్పాలి. విదేశమైతే ఆరు నెలల ముందే. అలా చెప్పని పెళ్లిళ్లకు గురుబలం నిలిపివేయాలి.

మూడు, గదులు చాలకపోతే ఆ మాటే చెప్పాలి. హైదరాబాద్‌లో రిసెప్షన్‌కు పిలిస్తే సంతోషంగా వచ్చి, పప్పన్నం తిని దీవించి వెళతాం. ఆఖర్న పిలిచినందుకు కలిగే నొప్పి, అసలు పిలవనందుకు కలగదు.

ఇట్లు,
తమ విధేయుడు,
వెయిటింగ్ లిస్టు 47, థర్డ్ ఏసీ.

నకలు: శుక్రాచార్యుల వారికి. ఈ లేఖ చదివాక బావగారు మూఢం నెపం తమరి మీదికి మార్చే సూచనలున్నాయి. తగు జాగ్రత్త నిమిత్తం.