మీటర్ సారు

హన్మకొండలో మీటరు అంటే కరెంటు మీటరే. కరెంటు పంపిణీ చేసే ఎన్‌పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరాయె, ఇంకో రకం మీటరు ఉంటుందని ఎవరికీ తోచదు. అందుకే బిల్లు ఎక్కువొచ్చిన వాళ్లు మీటర్ సారు ఇల్లెక్కడని అడుక్కుంటూ మా గల్లీకి వస్తుంటారు. ఆయన వాళ్లను కూర్చోబెట్టి, చాయ్ తాగించి, వాళ్ల బిల్లు సంగతి తప్ప లోకంలోని వాట్లన్నిటి సంగతీ చెప్పి పంపిస్తారు.

పేరు చెప్పను. చెప్పి లాభం లేదు కూడా. సరదాకు లైసెన్సు తీసుకుని నడిపే హ్యామ్ రేడియో ఉన్న ప్రతి ఊళ్లోనూ ఇలాంటి సారు ఒకరుంటారు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయినవారో, కాజీపేట జంక్షన్‌లో సిగ్నళ్లు చూసి దిగినవారో అయివుంటారు. డాబా మీద రెండు వెదురుబొంగుల నడుమ రాగితీగ ఉంటుంది. పక్కింటివాళ్లు దాన్ని దండెమనుకుని అప్పుడప్పుడూ లుంగీలు ఆరేస్తుంటారు. కింద గదిలో రేడియో, రేడియోకూ ఆ తీగకూ మధ్య మీటరు. సారు బతుకంతా ఆ మధ్యలోనే గడుస్తుంది.

ఆ మధ్యలో జరిగేదేమిటంటే, రేడియో పంపిన పవర్‌ను ఏంటెన్నా మొత్తంగా పుచ్చుకోదు. సరిపడకపోతే కొంత వెనక్కి కొడుతుంది. ఎంత పోయింది, ఎంత వెనక్కొచ్చింది అని చూసేదే పవర్ మీటరు. ఆ రెంటి నుంచి లెక్కగట్టేదాన్ని ఎస్‌డబ్ల్యూఆర్ అంటారు. అది ఒకటిన్నర ఉంటే నూటికి 4 వాట్లు వెనక్కి వస్తాయి, రెండుంటే 11, మూడుంటే 25. మామూలు మనిషి ఒకటిన్నర చూసి మైకు పట్టుకుంటాడు. సారు ఆ నాలుగు వాట్ల మీద పగబడతారు.

ఆయన బల్ల మీద రెండు మీటర్లు పక్కపక్కన ఉంటాయి. ఎడమది కోఠి గుజరాతీ గల్లీలో బేరమాడి తెచ్చిన జపాన్ సరుకు, దాయ్‌వా కంపెనీది. దానికి రెండు ముళ్లు. ఒకటి పోయే పవర్ చూపిస్తుంది, ఇంకోటి తిరిగొచ్చే పవర్. రెండు ముళ్లూ ఒకదాన్నొకటి దాటే చోట ఏ గీత ఉంటే అదే ఎస్‌డబ్ల్యూఆర్. కుడిదాంట్లో ముల్లు లేదు, అంకెలే, అదీ దశాంశ స్థానంతో సహా. కేబుల్ ముందు కుడిదాంట్లోకి, ఆ తర్వాత ఎడమదాంట్లోకి పోతుంది. ఎడమది 95 అంటుంది. కుడిది 98.7 అంటుంది. సారు ఆ మూడు పాయింట్ ఏడు వాట్లు ఎక్కడ పోయాయని వెతుకుతుంటారు.

"మధ్యల ఎవడో తింటుండు తమ్మీ," అంటారు కేబుల్ వైపు అనుమానంగా చూస్తూ.

నేను ఓసారి లెక్కగట్టి చెప్పాను. ఆ తేడా డెసిబెల్‌లో ఆరో వంతు ఉంటుంది సార్, అవతలివాడి రేడియోలో సిగ్నల్ బలం చూపే ఎస్-మీటరు ఒక్క గీత పెరగాలంటేనే ఆరు డెసిబెల్స్ కావాలి, అంటే మీ నూరు వాట్లను నాలుగు వందలు చెయ్యాలి అన్నాను. ఆయన శ్రద్ధగా విన్నారు. విని, "అవతలోని ఎస్-మీటరు ముల్లుదా, అంకెలదా?" అని అడిగారు.

ముల్లు మీద ఆయనకున్నది ప్రేమ. కరెంటోళ్లు వచ్చి గోడ మీది పాత చక్రం మీటరు పీకి డిజిటల్ మీటరు బిగించిన రోజు సారు అన్నం సరిగ్గా తినలేదని మేడం చెప్పారు. చక్రం తిరుగుతుంటే ఎంత కాలుతోందో కళ్లముందే కనబడేదని ఆయన బాధ. అందులో న్యాయం లేకపోలేదు. ఏంటెన్నాను రేడియోకు సరిపెట్టే ట్యూనర్ తిప్పుతున్నప్పుడు ముల్లు దిగుతోందా, ఎక్కుతోందా అన్నది ఓరకంట చూసినా తెలుస్తుంది. అంకెల మీటరు 3.1, 1.8, 2.4 అని గెంతుతుంటే చదవాలి, గుర్తుంచుకోవాలి, పోల్చుకోవాలి. ఈలోపల చెయ్యి అసలు చోటు దాటిపోతుంది.

కానీ నోరు తెరిచి మాట్లాడే సరికి ముల్లు బండారం బయటపడుతుంది. ముల్లుకు బరువుంది. మాటలు పంపే సైడ్‌బ్యాండ్‌లో 'హలో' అంటే పవర్ ఒక్క ఉదుటున నూరుకు లేచి పడిపోతుంది, ముల్లు ముప్ఫై దగ్గరికొచ్చేసరికి మాట అయిపోతుంది. ఆ శిఖరాన్ని పట్టి నిలిపే సర్క్యూట్ ప్రత్యేకంగా ఉంటే తప్ప ముల్లు నిజం చెప్పదు. సరైన అంకెల మీటరు దాన్ని క్షణంలో పట్టేస్తుంది. అందుకని సారు తన ముల్లును కాపాడుకోవడానికి 'హలో' బదులు 'హలోఓఓఓ' అనడం అలవాటు చేసుకున్నారు. ఫోనెత్తినా అట్లాగే అంటారు. బంధువులు చెవిటితనం వచ్చిందనుకుంటున్నారు.

నన్నడిగితే, సర్దుకోవడానికి ముల్లు, మాట్లాడటానికి అంకెలు. ఒకటే కొనే స్తోమతుంటే ముల్లే. అదీ గాక రెంటి కడుపులోనూ ఉండేవి పవర్‌లో కాస్త తోడే కప్లరూ, దాన్ని కొలిచే డయోడ్లే. తక్కువ పవర్ దగ్గర డయోడ్ తడబడితే ముందు ముల్లు పెట్టినా అంకెలు పెట్టినా ఒకటే, దశాంశ స్థానం చూపించినంత మాత్రాన డయోడ్‌కు బుద్ధి రాదు. ఈ మాట సారు ముందు అనలేదు. పెద్దమనిషి, బీపీ ఉంది.

ఆయన పూజగదిలో లేని దేవుడు బర్డ్ 43. అమెరికాలో 1950ల నుంచి తయారవుతున్న ముల్లు మీటరు. ముందువైపున్న గుంతలో ఏ పవర్‌కు ఆ పవర్ బిళ్ల వేసుకోవాలి. దాని ఖచ్చితత్వం ఐదు శాతం అని సారు గర్వంగా చెబుతారు. ఆ ఐదు శాతం మొత్తం స్కేలు మీద. నూరు వాట్ల బిళ్లకు ఎక్కడైనా ఐదు వాట్లు అటూ ఇటూ అన్నమాట. అది 10 చూపిస్తే అసలుది 5 కావచ్చు, 15 కావచ్చు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు తూచే కాంటా మీద బంగారం తూచినట్టు. చిన్న పవర్‌కు చిన్న బిళ్ల వేసుకుంటే సరిపోతుంది గానీ, బిళ్ల ధర విన్నాక మేడం ఆ దేవుణ్ని ఇంట్లోకి రానివ్వలేదు.

హ్యామ్‌ల గొప్పతనం చెప్పమంటే అందరూ చెప్పే సంగతి ఒకటుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు చెందిన భారతీ ప్రసాద్ పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. అండమాన్ నుంచి హ్యామ్‌లతో మాట్లాడటానికి వెళ్లినామె, ఫోన్లు మూగబోయాక ఆ రేడియోతోనే క్షేమ సమాచారాలు ప్రధాన భూభాగానికి చేరవేశారు. కాలనీ పిల్లలకు సారు ఈ కథ చెబుతుంటే ఒళ్లు పులకరిస్తుంది. చివర్లో నా చెవిలో మాత్రం గొంతు తగ్గించి, "అంత మంచిగనే ఉన్నది గని తమ్మీ, ఆమె కాడ అప్పుడు ఏ మీటరున్నదో ఎవ్వలు రాయలే," అంటారు.

మరి సారు ఎవరితో మాట్లాడతారు? ఎవరితోనూ మాట్లాడరు. గాలిలోకి వదిలితే వెనక్కొచ్చే పవర్ వల్ల కొలత చెడుతుందట. అందుకని ఏంటెన్నా పీకి డమ్మీ లోడ్ తగిలిస్తారు. నూనె డబ్బాలో ముంచిన 50 ఓమ్‌ల రెసిస్టర్ అది. ఆయన నూరు వాట్లు ఏ దేశానికీ పోవు, ఆ నూనెనే వెచ్చబెడతాయి. "ఆ డబ్బ మీద పాలన్న కాగవెట్టుకుంట అంటె ఇనడు," అని మేడం గొణుగుతారు.

మొన్న ఎన్ఐటీ కుర్రాడొకడు వచ్చాడు. కొత్తగా లైసెన్సు వచ్చింది. హైదరాబాద్‌లో ఉండే అశ్హర్ ఫర్హాన్ డిజైన్ చేసిన బిట్‌ఎక్స్ రేడియోను హాస్టల్లోనే సోల్డర్ చేసుకున్నాడట. పట్టుమని పది వాట్లు కూడా ఇవ్వని సెట్టు. దాంతోనే చెన్నైతో మాట్లాడాడు, కొలంబోతో మాట్లాడాడు. సారు ముఖంలో అసూయ ఏమీ కనబడలేదు, ఆత్రం మాత్రం కనబడింది.

"మీటరేం వెట్టినవ్ బిడ్డా?"

"మీటర్ లేదు సార్. ఏంటెన్నా బదులు చిన్న బల్బు పెట్టి చూశా. వెలిగింది. తీసేసి తీగ తగిలించా."

సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. డ్రాయర్‌లోంచి నోటుబుక్కు తీసి కొత్త పేజీ మధ్యన నిలువు గీత కొట్టారు.

"ఫిలమెంట్ బల్బా, ఎల్ఈడీయా? ఆగు, చెప్పకు. ఫిలమెంటైతె ఎలుగుడు ఆలస్యం, ఆరుడు ఆలస్యం. ఎల్ఈడీ అయితె టక్కున ఎలుగుతది, టక్కున ఆరుతది. రెండు తెప్పించి పక్కపక్క పెట్టి చూద్దాం. తమ్మీ, నువ్వు చౌరస్తా దిక్కు పోతవు గద?"