నకలు సూత్రం: టీకా తాత్పర్య సహితం

కొలిచెలమ వంశీకుడు మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ ఒక ఒట్టు పెట్టుకున్నాడు: మూలంలో లేనిది రాయడు, అక్కర్లేనిది చెప్పడు. ఆయన తరవాత వచ్చిన వ్యాఖ్యాతల్లో చాలామంది మొదటి షరతును ఎంతో కొంత పాటించారు. రెండోది పాటిస్తే పుస్తకం లావెక్కదు కనక దాని జోలికి పోలేదు. ఈ వ్యాఖ్యా ఆ కోవలోదే.

ఎత్తుకున్న మూలం మాత్రం కావ్యం కాదు. ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లోని సీసీపీ గేమ్స్ 2003 మే 6న విడుదల చేసిన ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష క్రీడలో, కాంట్రాక్టుల పట్టికలో కనిపించే తరహా పంక్తి ఒకటి. ధర ఒక్కటే వ్యాఖ్యాత తన సౌలభ్యం కోసం వేసుకున్నాడు. అక్కడ రేట్లు పూటకో తీరు.

మూలం: రిఫ్టర్ బ్లూప్రింట్ కాపీ – రన్స్ 10 – ఎం.ఈ. 10 – టీ.ఈ. 20 – జీటా 4-4 – ధర 3,00,000 ఇస్క్.

ఛందస్సు: లేదు. యతి మాత్రం ధర దగ్గర పడింది. చదివేవాడు తప్పకుండా అక్కడ ఆగుతాడు.

అవతారిక: ఈవ్‌లో ఆటగాళ్లు నడిపే ఓడలు, పేల్చే గుండ్లు దాదాపు అన్నీ మరో ఆటగాడు తయారుచేసినవే. పేలిపోయిన ఓడ తిరిగి రాదు. బీమా కొంత డబ్బిస్తుంది గానీ ఓడనివ్వదు. చైనా సర్వరును పక్కన పెడితే ప్రపంచంలోని ఆటగాళ్లంతా ఒకే విశ్వంలో తిరుగుతారు కాబట్టి ఒకడి నష్టం ఇంకొకడి గిరాకీ అవుతుంది. 2014 జనవరిలో బీ-ఆర్5ఆర్‌బీ అనే నక్షత్ర మండలంలో జరిగిన యుద్ధంలో, ఆటలోకెల్లా పెద్దవైన టైటన్ ఓడలు 75 నాశనమయ్యాయి. నష్టం విలువ మూడు లక్షల డాలర్లకు పైమాటేనని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ యుద్ధంలో ఎవరు గెలిచారు, ఎవరు ఓడారన్నది అందరూ చెప్పుకున్న కథ. ఆ టైటన్లను కట్టినవాళ్ల కథ తక్కువమంది చెప్పుకున్నారు. ఒక్కో దాని వెనకా ఎవరో ఒకరు దాని తయారీ నమూనా అయిన బ్లూప్రింటును కొని, ఫ్యాక్టరీలో పెట్టి, వారాల తరబడి కాచుకుని ఉండి ఉంటారు. వ్యాఖ్యాతకు ఆసక్తి వాళ్ల మీదే.

ప్రతిపదార్థం: రిఫ్టర్ అనగా మిన్‌మటార్ జాతివారి చిన్న యుద్ధనౌక. తుప్పు రంగు రేకులు అతికించినట్టుంటుంది. చవక. ఆటలో కొత్తగా చేరినవాళ్లు చాలామంది మొదట ఎక్కేది దీన్నే, మొదట పోగొట్టుకునేదీ దీన్నే. దీని మీద ఇంతకు మించి వ్యాఖ్య అనవసరం.

బ్లూప్రింట్ కాపీ దగ్గర మాత్రం చాప పరుచుకుని కూర్చోవాలి. ఈవ్‌లో బ్లూప్రింట్లు రెండు రకాలు, ఆటగాళ్ల నోట బీపీఓ, బీపీసీ. తహసీల్దారు కచేరీ భాషలో చెప్పాలంటే అసలు, నకలు. అసలు చేతిలో ఉంటే ఎన్ని ఓడలైనా కట్టుకోవచ్చు, ప్రయోగశాలలో పెట్టి మెరుగుపరుచుకోవచ్చు, దాన్నుంచి నకళ్లు తీయవచ్చు. నకలుకు ఈ మూడు యోగాలూ లేవు. రాసిచ్చినన్ని దఫాలే పనిచేస్తుంది, ఎంత సరుకు, ఎంత కాలం మిగులుతుందో చెప్పే ఎం.ఈ., టీ.ఈ. అంకెలు పుట్టినప్పుడు ఎంతో చచ్చేదాకా అంతే, నకలుకు నకలు తీయడం ఎవరి తరమూ కాదు.

శంక: ఇన్ని లోపాలున్నదాన్ని కొనడమెందుకు? రిఫ్టర్ అసలు అంగడిలో దొరుకుతుంది, మరీ ఖరీదూ కాదు కదా?

సమాధానం: అంగడిలో దొరికే అసలు పచ్చిది. ఎం.ఈ. సున్నా, టీ.ఈ. సున్నా. కొన్నవాడు దాన్ని నెలల తరబడి పండబెట్టుకోవాలి. నకలు అమ్మేవాడు ఆ పని ఏనాడో చేసేశాడు. ఇక పెద్ద ఓడల సంగతి వేరు. టైటన్ అసలు ధర వేల కోట్ల ఇస్క్‌ల్లో పలుకుతుంది. ఒక్క ఓడ కోసం అంత పెట్టేవాడు వ్యాపారి కాదు, జమీందారు. పైగా అసలును చేతబట్టుకుని తిరగడం కూడా ప్రమాదమే. బ్లూప్రింటు ఎంత విలువైనదైనా ఓడలో ఆక్రమించే చోటు ఘనపు మీటరులో నూరో వంతు. దారిలో సరుకును స్కాన్ చేసి, విలువ తెలిశాక ఓడను పేల్చేసేవాళ్లకు అంతకంటే అనువైన సరుకు ఉండదు. అందుకే ఆటగాళ్ల సంఘాలైన కార్పొరేషన్లు తమ అసళ్లను ఓటు పెట్టి ఒకచోట బిగించేసి, గడప దాటించేది నకళ్లనే.

రన్స్ 10 అంటే పది దఫాలు. హాస్టల్ మెస్‌లో టోకెన్ల పుస్తకం లాంటిది: పది చించేశాక అట్ట కూడా మిగలదు. కొత్త కొనుగోలుదారు కాంట్రాక్టు మొత్తం ధర చూస్తాడు, పాతవాడు ధరను దఫాలతో భాగిస్తాడు.

ఇక ఎం.ఈ. 10. మూలంలో ఉన్న ఆరు మాటల్లో ధర పలికేది దీనివల్లే. ఎం.ఈ. ఒక్కో మెట్టుకు ముడిసరుకు ఒక శాతం చొప్పున తగ్గుతుంది, పదో మెట్టు దగ్గర ఆగుతుంది. ఈ అమరిక 2014 జులైలో క్రియస్ అనే విస్తరణతో వచ్చింది. అంతకుముందు మెట్లకు అంతు లేదు, ఎక్కే కొద్దీ లాభం మాత్రం సన్నబడుతూ ఉండేది. ఇప్పుడు శిఖరం ఉంది కానీ దారి పోనుపోను నిటారవుతుంది. అతి సులువైన బ్లూప్రింటుకు, ఆటగాడి నైపుణ్యాల తగ్గింపు ఏదీ కలపకుండా, మొదటి మెట్టుకు పట్టేది 105 సెకన్లు. పదో మెట్టు ఒక్కదానికే 2,56,000 సెకన్లు, అంటే దాదాపు మూడు రోజులు. మొదటి తొమ్మిది మెట్లూ కలిపినా అంతకాదు. ఓడల బ్లూప్రింట్లకు ఈ అంకెలు వాటి స్థాయిని బట్టి రెట్లు రెట్లుగా పెరుగుతాయి. కాబట్టి ఎం.ఈ. 9 నకలుకూ ఎం.ఈ. 10 నకలుకూ నడుమ తేడా ముడిసరుకులో ఒక్క శాతమే అయినా, అమ్మేవాడి ప్రయోగశాలలో అది సగానికి పైగా ప్రయాణం. ఆ ఒక్క శాతానికి అతను అడిగే ధర చూసి ఎవరైనా కోప్పడితే, ఈ లెక్క చూపించాలి. అయినా ఎం.ఈ. 9 చవగ్గా దొరికితే దాన్నే కొనాలన్నది వ్యాఖ్యాత మతం. శ్రమ అమ్మేవాడిది, డబ్బు కొనేవాడిది.

ఇక్కడ సూక్ష్మం ఒకటుంది. ముడిసరుకు ఎంత తగ్గినా, ఒక దఫాకు ఒక్కటే కావలసిన వస్తువు ఒకటి కంటే తగ్గదు. రిఫ్టర్‌నే ముడిసరుకుగా తీసుకుని వుల్ఫ్ అనే మేలు రకం ఓడ కడతారు. ఒక వుల్ఫ్‌కు ఒక రిఫ్టర్ పడుతుంది, ఎం.ఈ. ఎంత ఉన్నా ఒక రిఫ్టరే పడుతుంది. పదింట తొమ్మిది వంతుల ఓడ అనేది అంతరిక్షంలో కూడా లేదు.

టీ.ఈ. 20 అనగా కట్టే కాలంలో ఇరవై శాతం కోత, ఇదీ శిఖరమే. ఒక పాత్ర మొదట్లో ఒకే తయారీ పని నడపగలదు, నైపుణ్యాలన్నీ నేర్చుకుంటే 11. ఆ పదకొండూ ఖాళీ లేకుండా తిప్పేవాడికి ఈ ఇరవై శాతం సొమ్ము. రాత్రి భోజనమయ్యాక ఒకసారి తొంగిచూసేవాడికి ఓడ తెల్లవారుజామున రెండింటికి సిద్ధమైతేనేం, నాలుగింటికైతేనేం?

జీటా 4-4: ద ఫోర్జ్ అనే ప్రాంతంలోని జీటా మండలంలో నాలుగో గ్రహం, నాలుగో చందమామ, అక్కడ కాల్డారీ నౌకాదళపు ఫ్యాక్టరీ. మొత్తం విశ్వంలో అతి పెద్ద అంగడి ఇదే. అయితే నకళ్లు మామూలు అంగడి పట్టికలో దొరకవు. అక్కడ అమ్మే వస్తువులు ఒకదానికొకటి అచ్చంగా ఒకేలా ఉండాలి. రన్స్, ఎం.ఈ., టీ.ఈ. ఒక్కో నకలుకు ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఒక్కోటీ వేరే కాంట్రాక్టుగా పెట్టాలి. పరిశోధన చేసిన అసలుకూ ఇదే గతి. కొనేవాడు ఒక్కొక్కటీ తెరిచి చదవక తప్పదు. తెరవనివాడి కోసమే పాఠాంతరాలు పుట్టాయి.

పాఠాంతరాలు: ఒక ప్రతిలో "బ్లూప్రింట్" అని మాత్రమే ఉండి ధర అసలుకు తగ్గట్టు ఉంటుంది. లోపల ఉన్నది నకలు. బొమ్మ రంగు కాస్త లేతగా ఉండటమే గుర్తు, హడావిడిలో ఉన్నవాడికి అది కనిపించదు. మరో ప్రతిలో వర్ణనలో పది దఫాలని రాసి ఉంటుంది, వస్తువు సమాచారం తెరిస్తే ఒక్క దఫా. వర్ణన గడిలో ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు, అది మూలం కాదు, ప్రక్షిప్తం. ఇంకో పాఠంలో అన్నీ నిజమే, ఒక్క స్థలం తప్ప: నకలు ఉన్న స్టేషన్‌లోకి కొన్నవాడి ఓడను రానివ్వరు. డబ్బు ఇచ్చిన కాగితం కళ్లెదుట ఉంటుంది, చేతికి అందదు. ఇలాంటి మోసాలను ఆట నియమాలు చాలా మేరకు నిషేధించవు. మోసపోయినవాడు ఫిర్యాదు చేస్తే వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ సానుభూతే.

ఇస్క్ అనగా ఇంటర్‌స్టెల్లార్ క్రెడిట్స్. ఐస్‌లాండ్ కరెన్సీ క్రోనాకు ప్రపంచ బ్యాంకుల్లో వాడే సంకేతం కూడా ఇదే. కాకతాళీయం అనుకునేవాళ్లు కంపెనీ చిరునామా మరోసారి చదువుకోవాలి. ఈ సొమ్ము వ్యవహారాన్ని గమనించడానికి సీసీపీ 2007లో ఐయోల్ఫూర్ గుడ్మున్సన్ అనే అర్థశాస్త్రవేత్తను కొలువులో పెట్టుకుంది. ఆయన తరవాత అకురేరి విశ్వవిద్యాలయానికి రెక్టర్ అయ్యాడు.

తాత్పర్యం: ఒక రిఫ్టర్‌కు పచ్చి బ్లూప్రింటుతో 5,00,000 ఇస్క్‌ల ఖనిజం పడుతుందనుకుందాం. ఎం.ఈ. 10 నకలుతో 4,50,000. నకలు ధరలో ఒక ఓడ వాటా 30,000. ఫ్యాక్టరీ రుసుము 10,000 అనుకుంటే మొత్తం 4,90,000. ఓడ 5,20,000కు అమ్ముడై, పన్నూ దళారీ రుసుమూ కలిపి 25,000 పోతే చేతికొచ్చేది 4,95,000. లాభం 5,000. అదే పచ్చి అసలుతో కట్టినవాడికి ఖర్చు 5,10,000, నష్టం 15,000. అంటే ఆ అంగడిలో ధరను నిర్ణయిస్తున్నది పండిన బ్లూప్రింటున్నవాళ్లు. మిగతావాళ్లు నకలు కొనుక్కోవాలి, లేదా ఖనిజాన్నే నేరుగా అమ్ముకోవాలి. ఫ్యాక్టరీ రుసుము కూడా స్థిరం కాదు. ఒక మండలంలో ఎంత ఎక్కువ తయారీ జరిగితే అక్కడ రుసుము అంత పెరుగుతుంది. జీటాలో కొనవచ్చు, కట్టడం మాత్రం ఊరవతల.

ఇక్కడ పూర్వపక్షం ఒకటి ఏళ్ల తరబడి వినబడుతోంది: "నా ఖనిజం నేనే తవ్వుకున్నాను, నాకది ఉచితం." ఈ మతస్థులు 4,00,000కు కూడా ఓడలు అమ్మేసి లాభమొచ్చిందని పండగ చేసుకుంటారు. తవ్వినదాన్ని అదే అంగడిలో 4,50,000కు అమ్ముకోవచ్చన్నది వాళ్ల దర్శనంలో లేదు. వాళ్లను వాదంలో గెలవడం కష్టం, వ్యాపారంలో ఇంకా కష్టం. అంత చవగ్గా అమ్మేవాడితో పోటీ ఎవడి తరం?

విశేషం: వేదాంతులకు ఇష్టమైన నకళ్లు కూడా ఈవ్‌లో ఉన్నాయి. గురిస్టాస్ దొంగల గీలా ఓడకు నకళ్లే ఉన్నాయి, అసలు ఏ ఆటగాడి దగ్గరా లేదు. దొంగల స్థావరాలు ధ్వంసం చేస్తే ఆ నకళ్లు రాలతాయి, వాటి ఎం.ఈ. సున్నా, అది ఎప్పటికీ పెరగదు. బింబం లేని ప్రతిబింబానికి ఇంతకంటే దృష్టాంతం దొరకడం కష్టం.

టెక్ 2 అనే మేలు రకం బ్లూప్రింట్ల చరిత్ర దీనికి తలకిందులు. తొలినాళ్లలో వాటి అసళ్లను లాటరీ తీసి పంచారు. లాటరీ తగిలినవాళ్లు ఆ వస్తువు ధరను తామే శాసించారు. 2007 ఫిబ్రవరిలో సీసీపీ ఉద్యోగి ఒకడు తాను ఆడే వర్గానికి అలాంటి అసళ్లు దొంగదారిన అందించాడని బయటపడి పెద్ద గొడవైంది. కంపెనీ లోపలి నిఘా విభాగాన్ని పెట్టింది. మరుసటి ఏడాది ఆటగాళ్లు ఓటేసి ఎన్నుకునే కౌన్సిల్ ఆఫ్ స్టెల్లార్ మేనేజ్‌మెంట్ కూడా వచ్చింది. కొన్ని కాగితాల కోసం ఒక కంపెనీలో పరిపాలనా సంస్కరణ జరిగిందంటే, ఆ కాగితాల బరువు ఎంతో ఊహించుకోవచ్చు.

ఆ గొడవకు కొద్ది నెలల ముందే, 2006 చివర్లో, ఇన్వెన్షన్ అనే పద్ధతి వచ్చింది. మామూలు నకలును డేటాకోర్లు అనే పరిశోధన సరుకుతో కలిపి ప్రయోగశాలలో పెడితే, అదృష్టం బాగుంటే టెక్ 2 నకలు వస్తుంది. బాగోకపోతే ఒక దఫా, డేటాకోర్లు గంగలో కలుస్తాయి. రిఫ్టర్ నకలు నుంచి వుల్ఫ్ గానీ జాగ్వార్ గానీ పుట్టించవచ్చు.

దీనివల్ల మన మూలం ద్వ్యర్థి అయిపోయింది. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం ఒకరికి రామాయణం, మరొకరికి భారతం. ఇక్కడ కట్టేవాడికి ఎం.ఈ. 10 అన్నదే సర్వస్వం. ఇన్వెన్షన్ చేసేవాడికి ఆ మాట ఉన్నా లేకపోయినా ఒకటే. పెట్టే నకలు ఎం.ఈ. ఎంతైనా, ప్రత్యేక సామగ్రి ఏదీ కలపకపోతే పుట్టే టెక్ 2 నకలు ఎం.ఈ. 2, టీ.ఈ. 4తోనే వస్తుంది. అతను చదివేది రన్స్ ఒక్కటే. కాబట్టి అదే పట్టికలో నాలుగు పంక్తుల కింద ఎం.ఈ. సున్నా, టీ.ఈ. సున్నా, పది దఫాల రిఫ్టర్ నకలు నాలుగో వంతు ధరకు కనిపిస్తే, కట్టేవాడు మొహం చిట్లించి పైకి పోతాడు. ఇన్వెన్షన్ చేసేవాడు దాన్ని ఎత్తుకుని, ఇలాంటివే ఇంకో పది ఉన్నాయా అని అమ్మినవాడికి కబురు పెడతాడు.